దాచి తాగుతున్నవాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఎనిమిదేళ్ళు దాచి తాగినవాణ్ణి. బ్యాంకు ఉద్యోగం, సొంత ఇల్లు, టైముకి ఆఫీసు, స్కూటర్ డిక్కీలో రెయిన్‌కోటు కింద క్వార్టర్ సీసా. మానేసి పదేళ్ళు దాటింది. అప్పటినుంచి మానాలనుకునేవాళ్ళతో, వాళ్ళ ఇళ్ళవాళ్ళతో మాట్లాడుతూనే ఉన్నాను. మనుషులు మారినా సందేహాలు మాత్రం అవే వస్తున్నాయి. అందుకే ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్న మీదైతే నేరుగా దాని దగ్గరికే వెళ్ళండి. నేను డాక్టర్ని కాను. మందులు, మోతాదుల సంగతి డాక్టరే తేల్చాలి.

## అనుమానం మొదలైనప్పుడు

ఉద్యోగం పోలేదు, అప్పుల్లేవు, ఎవరితోనూ గొడవ పడలేదు. నేను తాగుబోతుని ఎలా అవుతాను?

తాగుబోతు అనే మాట పక్కన పెడదాం. ఆ మాట వినగానే రోడ్డు మీద పడిపోయినవాడు, జీతం తగలేసి పెళ్ళాం మీద చెయ్యెత్తేవాడు గుర్తొస్తాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డప్పుడు వాళ్ళ కళ్ళెదుట ఉన్నది అలాంటి తాగుడే. ఊరందరికీ కనిపించేది, ఊరందరూ కలిసి ఆపగలిగేది. మీ తాగుడు ఎవరికీ కనిపించదు కాబట్టి ఆపడానికీ ఎవరూ రారు.

డాక్టర్లు ఉద్యోగం ఉందా లేదా అన్నది చూసి ఈ జబ్బును తేల్చరు. అనుకున్నదానికంటే ఎక్కువ తాగుతున్నారా, తగ్గించాలని చూసి తగ్గించలేకపోయారా, సాయంత్రం అయ్యేసరికి మనసంతా దానిమీదికే పోతోందా, నష్టం తెలిసి కూడా ఆపలేకపోతున్నారా, ఇవి చూస్తారు. నా మట్టుకు నేను ఆఫీసుకి అందరికంటే ముందు వచ్చేవాణ్ణి. నన్నెవరూ వేలెత్తి చూపకూడదన్న భయంతో.

ఏ రోజు ఏ వైన్ షాపులో కొనాలి, ఖాళీ సీసా ఎక్కడ పారేయాలి, యూపీఐలో కనపడకుండా క్యాష్ ఎప్పుడు తీసుకోవాలి, ఎవరితో ఎంత దూరంలో నిలబడి మాట్లాడాలి. ఈ లెక్కలు మీ రోజులో చేరాయంటే సమస్య వచ్చినట్టే. చేతిలో ఉద్యోగం, పక్కన కుటుంబం ఉండగా వైద్యం మొదలుపెట్టినవాళ్ళకి పట్టుకోవడానికి ఆసరా ఉంటుంది. అన్నీ పోయాక వచ్చినవాళ్ళకి అది ఉండదు. అలాంటివాళ్ళని చాలామందిని చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

రోజూ రాత్రి ఒక్క క్వార్టర్. అంతకుమించి ముట్టను. అది ఎక్కువా?

ఎక్కువే. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీలో ఆల్కహాల్ 42.8 శాతం ఉంటుంది. 30 మి.లీ. పెగ్గులో సుమారు 10 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్ ఉంటుంది. క్వార్టర్ అంటే 180 మి.లీ., అంటే దాదాపు 60 గ్రాములు. వారానికి 420 గ్రాములు దాటుతుంది. బ్రిటన్ ఆరోగ్యశాఖ వారానికి 14 యూనిట్లు దాటొద్దంటుంది. అక్కడి యూనిట్ 8 గ్రాములు కాబట్టి అది 112 గ్రాములు. మీరు దానికి దాదాపు నాలుగు రెట్లలో ఉన్నారు. అసలు ఏ మోతాదూ పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది.

ఇంకోలా చూడండి. రోజుకో క్వార్టర్ చొప్పున నెలకి 5.4 లీటర్లు. ఏడు ఫుల్ బాటిళ్ళు టేబుల్ మీద వరసగా పెట్టి ఉన్నట్టు ఊహించుకోండి. చిన్న సీసాల్లో కొంటాం కాబట్టి ఆ మొత్తం మన కంటికి ఎప్పుడూ ఒక్కచోట కనపడదు.

ఎంత తాగినా నాకు ఎక్కదు. అది మంచి కెపాసిటీ కదా?

ఒకప్పుడు రెండు పెగ్గులకి వచ్చిన మత్తు ఇప్పుడు ఐదింటికి గానీ రావట్లేదంటే మెదడు దానికి అలవాటు పడిపోయిందన్నమాట. లివరు మాత్రం ఐదు పెగ్గుల భారమూ మోస్తుంది. తూలకపోవడం వల్ల ఇంట్లో కనిపెట్టరు, మీకూ అనుమానం రాదు. దాచి తాగేవాళ్ళలో జబ్బు ముదిరేదాకా బయటపడకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు చుక్క ముట్టను. అంటే నాకు వ్యసనం లేనట్టేగా?

ఈ ప్రశ్న ప్రతి కార్తీకంలోనూ వస్తుంది. దీన్ని తేలిగ్గా తీసుకోను. ఎందుకంటే మాల వేసుకున్న రోజుల్లో చాలామంది నిజంగానే బాగుంటారు. చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం, భజనలు, చుట్టూ తోటి స్వాములు, ఇంట్లో గౌరవం. తాగుడుకి చోటు లేకుండా రోజంతా నిండిపోతుంది. మీరు మానగలరని ఆ 41 రోజులు చూపిస్తాయి. ఎలా ఉంటే మానగలరో కూడా చూపిస్తాయి.

అయితే రెండు విషయాలు గమనించుకోండి. మాల తీయడానికి ఇంకా ఎన్ని రోజులుందో లెక్కపెట్టుకుంటున్నారా? శబరిమల నుంచి తిరిగొచ్చిన వారంలోనే పాత మోతాదుకి వెళ్ళిపోతున్నారా? అలా అయితే తాగుడు 41 రోజులు వాయిదా పడిందంతే.

ఇంకో ముఖ్యమైన మాట. రోజూ ఎక్కువగా తాగేవాళ్ళు మాల కోసం ముందురోజు రాత్రి ఉన్నట్టుండి ఆపేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి చలించడం రావచ్చు. అది స్వామి ఆగ్రహం కాదు. మందు ఒక్కసారిగా ఆగిపోయినందుకు శరీరం తట్టుకోలేకపోవడం. మాల వేసుకునే రెండు వారాల ముందే డాక్టర్ని కలవండి. దీక్ష కూడా హాయిగా సాగుతుంది.

ఇంట్లో కూర్చుని నాకు నేను పరీక్ష చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. డాక్టర్లు ఎప్పటినుంచో అడుగుతున్న నాలుగు ప్రశ్నలున్నాయి. తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? మీ తాగుడు గురించి ఎవరైనా అంటే చిరాకేసిందా? తాగినందుకు తప్పు చేసినట్టు బాధపడ్డారా? పొద్దున్నే వణుకు తగ్గడానికో, తలనొప్పి పోవడానికో ఓ గుక్క వేశారా? రెండింటికి అవునన్నా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. ఇంకాస్త వివరంగా కావాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ‘ఆడిట్’ అనే పది ప్రశ్నల పత్రం ఉంది. 40కి 8 వస్తే జాగ్రత్త పడాలి, 20 గానీ అంతకు మించి గానీ వస్తే శరీరం మందుకి బానిసై ఉండవచ్చు. ఒంటరిగా చేసుకుంటారు కాబట్టి అబద్ధం చెప్పాల్సిన పని లేదు.

తాగకపోతే నిద్ర పట్టదు. నిద్ర కోసమే తాగుతున్నాను.

మందు కన్ను మూయిస్తుంది గానీ నిద్ర నిలబెట్టదు. రాత్రి రెండింటికో మూడింటికో గుండె దడతో, నోరెండిపోయి మెలకువ రావడం మీకు తెలిసే ఉంటుంది. మందు దిగుతున్న కొద్దీ నిద్ర చెదిరిపోతుంది. మానేసిన మొదటి వారాల్లో నిద్ర మరీ పాడవుతుంది, తరవాత మెల్లగా కుదుటపడుతుంది. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం కొనకండి. ఆల్ప్రజోలం లాంటివి మందుతో కలిస్తే నిద్రలోనే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది.

లివర్ టెస్టు చేయించాను, నార్మల్ వచ్చింది. ఇంకేం భయం?

నార్మల్ రావడం సంతోషమే. కానీ లివరుకి కొవ్వు పట్టినా రక్తపరీక్ష మామూలుగా రావచ్చు. బీపీ, నిద్ర, జ్ఞాపకశక్తి, మనసులో దిగులు ఆ కాగితంలో కనపడవు. కొవ్వు పట్టే దశలోనే మానేస్తే లివరు కొన్ని వారాల్లోనే తేరుకోవడం మొదలుపెడుతుంది. గట్టిపడిపోయాక ఆ అవకాశం చాలా తగ్గిపోతుంది.

నేను ఆడదాన్ని. ఇద్దరు పిల్లల తల్లిని. ఎవరికైనా చెబితే నా బతుకేమవుతుంది?

మీ భయం న్యాయమైనది. మగవాడు తాగితే అలవాటు అనే లోకం ఆడది తాగితే నడతను అంటుంది. అందుకే ఆడవాళ్ళు గ్లాసు కాదు, రోజులకు రోజులే దాచేస్తారు. పిల్లలు స్కూలుకెళ్ళాక, భర్త పడుకున్నాక, వంటింట్లో స్టీలు గ్లాసులో. శరీరం సంగతి కూడా తెలుసుకోండి. అంతే మోతాదుకి ఆడవాళ్ళ రక్తంలో ఆల్కహాల్ ఎక్కువ చేరుతుంది, లివరు జబ్బు తక్కువ కాలంలోనే వస్తుంది. సైకియాట్రీ ఓపీలో మహిళా డాక్టర్ని అడగొచ్చు. ఫోన్ హెల్ప్‌లైన్‌లో పేరు చెప్పకుండానే మొదలుపెట్టొచ్చు. చాలామంది తల్లులు దిగులు, నిద్రలేమి అంటూ వెళ్ళి, రెండో మూడో విజిట్‌లో అసలు సంగతి చెబుతారు. అలా వెళ్ళినా ఫరవాలేదు. గర్భంతో ఉంటే మాత్రం మొదటి విజిట్‌లోనే చెప్పండి.

## మానేసే ముందు

రేపటినుంచి పూర్తిగా బంద్. ఇంట్లోనే, ఎవరికీ చెప్పకుండా మానేయొచ్చా?

మీ పట్టుదలకు దండం పెడతాను. కానీ ఈ జవాబు పూర్తిగా చదివాకే ఆ పని చేయండి.

అప్పుడప్పుడు తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపేస్తే సాధారణంగా ఏమీ కాదు. రోజూ ఎక్కువగా, నెలల తరబడి తాగుతున్నవాళ్ళ సంగతి వేరు. మందు మెదడుని రోజూ మొద్దుబారుస్తుంటే, దాన్ని తట్టుకోవడానికి మెదడు తన వేగం పెంచుకుంటుంది. మందు ఆగగానే ఆ వేగానికి పగ్గం ఉండదు. చివరిసారి తాగిన ఆరు గంటల నుంచి ఒక రోజులోపు చేతుల వణుకు, చెమటలు, గుండెదడ, వాంతులు, చెప్పలేని ఆందోళన మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి, మనుషుల్ని గుర్తుపట్టరు, జ్వరం, బీపీ పెరుగుతాయి. డాక్టర్లు డీటీ అనేది దీన్నే. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు.

పొద్దున్నే వణుకు ఉన్నా, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చినా, అరవై ఏళ్ళు దాటినా, లివరు, గుండె జబ్బులున్నా, ఇంట్లో ఒంటరిగా ఉంటున్నా సొంతంగా ఆపకండి. డాక్టరు కొద్దిరోజులు మందులిచ్చి, వాటిని మెల్లగా తగ్గిస్తూ ఈ దశ దాటిస్తారు. విటమిన్ బి1, అంటే థయమిన్ కూడా ఇస్తారు. అది తక్కువైతే మెదడు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. చాలామందికి ఈ వైద్యం అడ్మిట్ కాకుండానే కుదురుతుంది.

ఇప్పటికే ఆపేసి ఉండి ఫిట్స్ వచ్చినా, తికమకగా మాట్లాడుతున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఎన్ని రోజులనుంచి, ఎంత తాగారో, ఎప్పుడు ఆపారో నిజం చెప్పండి.

విస్కీ మానేసి బీరుకో, కల్లుకో మారితే సరిపోదా?

650 మి.లీ. స్ట్రాంగ్ బీరులో దాదాపు మూడున్నర పెగ్గుల ఆల్కహాల్ ఉంటుంది. రెండు తాగితే క్వార్టర్ దాటినట్టే. కల్లు విషయంలో కల్తీ ఇంకో ప్రమాదం. తెలంగాణలో కల్లులో ఆల్ప్రజోలం, డైజిపామ్ లాంటి మత్తుమందులు కలుపుతూ పట్టుబడ్డవాళ్ళు ఎందరో. అలాంటి కల్లుకి అలవాటు పడి ఆపేస్తే పిచ్చిగా ప్రవర్తించడం, ఫిట్స్ వస్తాయి.

పొద్దున్నే ఆఫీసుకి కారు నడుపుతాను. రాత్రి తాగింది అప్పటికి దిగిపోయి ఉంటుందిగా?

శరీరం గంటకి సుమారు ఒక పెగ్గు లెక్కన ఖర్చు చేస్తుంది, కొందరిలో ఇంకా నెమ్మదిగా. రాత్రి పన్నెండింటికి క్వార్టర్ ముగించినవాళ్ళ రక్తంలో పొద్దున్న ఆరింటికి కూడా మిగిలి ఉండవచ్చు. కాఫీ, నిమ్మరసం, చన్నీళ్ళ స్నానం దాన్ని తొందరపెట్టలేవు. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు, 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. చట్టం కంటే ముందు, మీ బండికి అడ్డొచ్చే స్కూలు పిల్లల్ని తలచుకోండి.

నాకు హెర్నియా ఆపరేషన్ ఉంది. తాగుతానని డాక్టరుకి చెప్పాలా? పక్కనే అత్తమామలు ఉంటారు.

తప్పకుండా చెప్పాలి. ఆసుపత్రిలో చేరగానే మందు ఆగిపోతుంది. ఆపరేషన్ బాగానే జరిగి, రెండో రోజు రాత్రి మనిషి సెలైన్ పీకేసుకుని కేకలు పెట్టడం, అప్పటిదాకా ఏమీ తెలియని కుటుంబం అక్కడే మొదటిసారి సంగతి తెలుసుకోవడం చాలా ఇళ్ళలో జరిగింది. మత్తు ఇచ్చే డాక్టరు ఆపరేషన్‌కి ముందు పరీక్షకి పిలిచినప్పుడు, “ఒంటరిగా ఒక్క నిమిషం మాట్లాడాలి” అనండి. రోజుకి ఎంతో, చివరిసారి ఎప్పుడో చెప్పండి. ముందే తెలిస్తే వాళ్ళు దానికి తగ్గ మందులు రాస్తారు.

## సాయం కోసం వెళ్ళేటప్పుడు

ముందు ఎవరికి చెప్పాలి? నోరు రావట్లేదు.

ఒక్క మనిషికి చెప్పండి, చాలు. భార్యకే అవ్వాలని లేదు. అన్న, మేనమామ, పాత స్నేహితుడు, ఫ్యామిలీ డాక్టరు, ఎవరైనా సరే. మంచి మాటల కోసం వెతకొద్దు. నేను మా బావగారితో, “బావా, నేను రోజూ తాగుతున్నాను, ఆపలేకపోతున్నాను, నాతో ఆసుపత్రికి రా” అన్నాను. దాని కోసం నాలుగు నెలలు రిహార్సల్ చేసుకున్నాను. చెప్పడానికి పట్టింది పది సెకన్లు. ఆయన ఏమీ అనలేదు, స్కూటర్ తాళాలు తీసుకున్నారు. నోట రాకపోతే వాట్సాప్‌లో రాసి పంపండి. తాగి ఉన్నప్పుడు మాత్రం చెప్పకండి, పొద్దున్నే చెప్పండి.

పేరు చెప్పకుండా ఫోన్లో మాట్లాడే దారి ఉందా?

ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. వ్యసనాల కోసమే ఉన్న జాతీయ టోల్‌ఫ్రీ నంబరు 14446. దగ్గర్లో ఎక్కడ వైద్యం దొరుకుతుందో అడగొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఏ వేళైనా వెంటనే 14416కి చేయండి, ఇంట్లో ఒకరిని లేపి పక్కన కూర్చోమనండి.

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, వైజాగ్‌లో చినవాల్తేరు అంటారు. అవి పిచ్చాసుపత్రులు కదా? అక్కడ నన్ను ఎవరైనా చూస్తే?

ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల పేర్లతో మనం చిన్నప్పటినుంచి వెక్కిరింపులే విన్నాం. కానీ అక్కడి ఓపీలో కూర్చుంటే పక్కన టీచరు ఉంటాడు, పోలీసు ఉంటాడు, ఇంజినీరు ఉంటాడు. అక్కడికి వెళ్ళడానికి మనసు ఒప్పకపోతే ఇంకా దారులున్నాయి. ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో, మెడికల్ కాలేజీల్లో, మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లలో సైకియాట్రీ విభాగాలున్నాయి. ప్రైవేటు సైకియాట్రిస్టు క్లినిక్‌లో సాయంత్రం అపాయింట్‌మెంట్ దొరుకుతుంది. కేసు క్లిష్టమైతే బెంగళూరు నిమ్హాన్స్‌లో వ్యసనాలకే ప్రత్యేక విభాగం ఉంది.

2019లో విడుదలైన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందింది. మిగతా 37 మందిని ఆపినవాటిలో “ఎవరైనా చూస్తే” అన్న మాట తప్పకుండా ఉండే ఉంటుంది.

ఆఫీసులో తెలిసిపోతుందా? ఇన్సూరెన్స్ వస్తుందా?

మీరు చెబితే తప్ప డాక్టరు చెప్పకూడదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 మద్యం వ్యసనాన్ని కూడా తన పరిధిలోకి తెచ్చింది. దాని 23వ సెక్షన్ మీ వివరాల గోప్యతను హక్కుగా ఇచ్చింది. ప్రాణాపాయం, కోర్టు ఆదేశం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. ఓపీ ఫీజు సొంత డబ్బుతో కట్టుకుంటే ఆఫీసుకి ఏ కాగితమూ వెళ్ళదు. ఇన్సూరెన్స్ దగ్గర ఆశ పెట్టుకునే ముందు పాలసీలోని మినహాయింపుల పేజీ చదవండి. చాలా పాలసీల్లో మద్యం వ్యసనానికి వైద్యం ఆ జాబితాలోనే ఉంటుంది.

మొదటిరోజు డాక్టరు ఏం అడుగుతారు? తిడతారా?

ఎంత, ఎన్నేళ్ళుగా, చివరిసారి ఎప్పుడు, మానితే ఏమవుతుంది, నిద్ర, ఆకలి, దిగులు, ఇంట్లో ఇంకెవరికైనా ఈ సమస్య ఉందా అని అడుగుతారు. బీపీ చూస్తారు, రక్తపరీక్షలు రాస్తారు. మోతాదు సగం చేసి చెప్పాలనిపిస్తుంది. దయచేసి అలా చేయకండి, ఎందుకంటే మీరు చెప్పిన అంకెను బట్టే మందుల మోతాదు నిర్ణయిస్తారు. ఒకవేళ మీకు తగిలిన డాక్టరు నీతిబోధ మొదలుపెడితే వైద్యం వదిలేయకండి, ఆ డాక్టర్ని మార్చండి. నాకు మొదట తగిలిన ఆయన ఐదు నిమిషాలు సిగ్గులేదా అంటూ మాట్లాడారు. దానివల్ల ఇంకో ఏడాది పోగొట్టుకున్నాను.

రిహాబ్ సెంటర్లో మూడు నెలలు ఉండాల్సిందేనా? ఏ సెంటర్ మంచిది?

ఉద్యోగం చేసుకుంటూ మానినవాళ్ళు చాలామంది. కొందరికి మొదటి వారం పది రోజులు సెలవు పెడితే చాలు, తరవాత ఓపీకి వెళ్తూ ఉండొచ్చు. వణుకు, ఫిట్స్ తీవ్రంగా ఉన్నా, ఇంట్లో ఉంటే ఆపలేకపోతున్నా చేరడం మేలు.

చేరేముందు మీరే వెళ్ళి చూడండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్టు రోజూ వస్తారా, పేరుకే బోర్డు మీద ఉన్నారా, రాత్రిపూట నర్సు ఉంటారా, ఇంట్లోవాళ్ళని కలవనిస్తారా అని అడగండి. ఫోన్ చేయగానే వ్యాను పంపి మనిషిని ఎత్తుకెళ్తామనేవాళ్ళని, వంద శాతం గ్యారంటీ అనేవాళ్ళని నమ్మకండి. కట్టేసి, కొట్టి మాన్పించడం వైద్యం కాదు. అది నేరం.

దీనికి నిజంగా మందులున్నాయా?

ఉన్నాయి, చాలామందికి తెలియదు. నాల్‌ట్రెక్సోన్ తాగాలన్న తపననూ, తాగితే వచ్చే హుషారునూ తగ్గిస్తుంది. అకాంప్రోసేట్ మానేసినవాళ్ళు నిలదొక్కుకోవడానికి సాయపడుతుంది. డైసల్ఫిరామ్ వేసుకుని మందు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడుతుంది, ఆ భయంతో తాగకుండా ఉంటారు. లివరు, కిడ్నీలు, వాడుతున్న ఇతర మందులు చూసి ఎవరికి ఏది అన్నది డాక్టరు తేలుస్తారు. కౌన్సెలింగ్‌తో కలిపి వాడితేనే వీటి ఫలితం బాగుంటుంది.

ఏఏ మీటింగ్ అంటే ఏమిటి? మతం మార్చేస్తారా?

ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలో ఇద్దరు తాగుడు బాధితులు మొదలుపెట్టిన సంఘం. మన నగరాల్లోనూ మీటింగులు జరుగుతాయి. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. వాళ్ళు దేవుడు అన్నచోట మీరు నమ్మే దేవుణ్ణి అనుకోవచ్చు, ఏమీ నమ్మకపోయినా కూర్చోవచ్చు. నేను మొదటిరోజు వెనక వరసలో కూర్చుని, ఒక పెద్దాయన తన స్కూటర్ డిక్కీ గురించి చెబుతుంటే ఏడ్చేశాను.

మేం అమెరికాలో ఉంటాం. వీకెండ్ అని మొదలై రోజూ అయింది. ఇక్కడ ఎవరిని అడగాలి?

1-800-662-4357కి ఫోన్ చేస్తే 24 గంటలూ ఉచితంగా, రహస్యంగా దారి చెబుతారు. ప్రాణం మీదికి వచ్చే ఆలోచనలుంటే 988. వైద్యానికి వెళ్తే వీసాకి ఇబ్బందేమో అని చాలామంది ఆగిపోతారు. తాగి కారు నడిపి అరెస్టయితే కోర్టు తీర్పు రాకముందే వీసా రద్దు కావచ్చు. భయపడాల్సింది దానికి.

## ఇంట్లోవాళ్ళు అడిగేవి

మా ఆయన చాలా మంచివారు. బీరువా వెనక సీసాలు దొరికాయి. ఎలా అడగను?

దొరికిన రోజు రాత్రే అడగకండి. ఆయన తాగి లేనప్పుడు, పిల్లలు లేనప్పుడు, మీ కోపం కాస్త చల్లారాక కూర్చోండి. చూసింది చూసినట్టు చెప్పండి. “బీరువా వెనక ఆరు సీసాలు చూశాను. నాకు భయంగా ఉంది. డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం.” కాదంటారు, అరుస్తారు, లేదా ఒట్టు వేస్తారు. పిల్లల మీద ఒట్టు మాత్రం వేయించుకోకండి. ఆ ఒట్టు తప్పితే సిగ్గుతో ఇంకాస్త లోతుగా దాచుకుంటారు.

సీసాలు పారబోయడం, జేబులు వెతకడం వల్ల తాగుడు ఆగదు, దాచే చోటు మారుతుంది. అలాగే ఆయన ఆఫీసుకి ఫోన్ చేసి జ్వరమని అబద్ధం చెప్పడం మానండి. మీరు కారణం కాదు. మీ వంట, మీ మాట, మీ అందం, మీ పుట్టిల్లు, ఏదీ కారణం కాదు. ఆయన రాకపోయినా మీరొక్కరే కౌన్సెలర్ని కలవొచ్చు. తాగేవాళ్ళ కుటుంబాల కోసం అల్-ఆనాన్ అనే సంఘమూ ఉంది. చెయ్యి చేసుకుంటే మాత్రం ఓర్చుకోకండి, 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి.

తెలియకుండా సాంబారులో కలిపితే మాన్పించే పొడి ఉందట. వాడమంటారా?

వద్దు. అలాంటి పొట్లాల్లో ఏముందో ఎవరికీ తెలియదు. ఒకవేళ డైసల్ఫిరామ్ లాంటిది ఉంటే, ఆయన తెలియక తాగినప్పుడు బీపీ పడిపోయి, గుండె మీద ప్రభావం పడి ప్రాణమే పోవచ్చు. ఆ మందు ప్రభావం ఆపేశాక కూడా రెండు వారాల వరకు ఉండవచ్చు. బతికి బయటపడ్డా మీరు పెట్టిన అన్నం మీద నమ్మకం పోతుంది. రేపు వైద్యానికి ఒప్పించాల్సింది మీరే. ఆ నమ్మకం మీకు కావాలి.

పిల్లలకి చెప్పాలా?

వాళ్ళకి ఇప్పటికే ఏదో తెలుసు. వాసన తెలుసు, ఏ రాత్రి నాన్నని కదపకూడదో తెలుసు. వయసుకి తగ్గట్టు, “నాన్నకి ఒక జబ్బు ఉంది, డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు, ఇందులో నీ తప్పేం లేదు” అని చెప్పండి. చివరి మాట మర్చిపోకండి.

## మానేశాక

దావత్‌లో, ఆఫీసు పార్టీలో ఏమని తప్పించుకోవాలి?

మొదటి మూడు నెలలు వీలైనన్ని మానేయండి. బోనాల దావత్‌కి, మేనల్లుడి పెళ్ళికి వెళ్ళక తప్పకపోతే తిండి తిని వెళ్ళండి, చేతిలో సోడా గ్లాసు ఉంచుకోండి, మీ బండి మీరే తీసుకెళ్ళండి, గంటలో బయటపడండి. “డాక్టరు వద్దన్నారు” అన్న మాట చాలు, అది నిజం కూడా. “ఒక్క పెగ్గు, నా కోసం” అని పట్టుబట్టేవాళ్ళుంటారు. మా ఊళ్ళో ఒక పెళ్ళిలో నా చేతిలో గ్లాసు పెట్టిన చుట్టానికి దాన్ని తిరిగి ఇచ్చేసి నడిచి వచ్చేశాను. ఆయన మూడు నెలలు మాట్లాడలేదు. తరవాత వాళ్ళబ్బాయి కోసం నా నంబరు అడిగారు.

నాలుగు నెలలు బాగున్నాను, నిన్న మళ్ళీ తాగేశాను. అంతా పోయినట్టేనా?

ఆ నాలుగు నెలలూ ఎక్కడికీ పోలేదు. ఇవాళే డాక్టరుకో, మొదట చెప్పుకున్న మనిషికో ఫోన్ చేయండి. దాచారంటే రెండో రోజు, మూడో రోజు కూడా వస్తాయి. కొన్ని నెలలు మానాక శరీరం పాత మోతాదుని తట్టుకోలేదు, అందుకే పాత లెక్కన తాగితే ప్రమాదం ఎక్కువ. నిన్న ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. ఆకలా, గొడవా, జీతం రోజా, ఇంట్లో ఎవరూ లేకపోవడమా? అది కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. డాక్టరుకి బాగా పనికొస్తుంది.

కొన్నాళ్ళు ఆగి, తరవాత పండక్కి మాత్రం రెండు పెగ్గులు వేసుకోవచ్చా?

కొద్దికాలంగా, తక్కువ స్థాయిలో ఇబ్బంది పడుతున్న కొందరు తగ్గించుకుని నిలబడగలరు. పొద్దున వణుకు దాకా వెళ్ళినవాళ్ళకి డాక్టర్లు పూర్తిగా మానమనే చెబుతారు. నేనూ రెండుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లూ పదిహేను రోజుల్లో డిక్కీలో సీసా చేరింది.

మానేసి నెల అయింది. సాయంత్రం ఆరయితే ఏం చెయ్యాలో తోచడం లేదు. ఇది ఎప్పటికి తగ్గుతుంది?

మొదటి మూడు నెలలు ఇలాగే ఉంటుంది, తరవాత ఒక్కో సాయంత్రం తెలియకుండానే గడిచిపోతుంది. తాగాలన్న తపన అల లాంటిది, సాధారణంగా అరగంటలోపు లేచి పడిపోతుంది. ఆ అరగంటకి ఒక పని ముందే అనుకుని ఉంచుకోండి. ఆకలితో ఉంటే తపన ఎక్కువ, అందుకని ఆఫీసు నుంచి రాగానే ఏదో ఒకటి తినండి. ఇంటికొచ్చే దారి మార్చండి. నేను వైన్ షాపుల మీదుగా కాకుండా రైతుబజారు మీదుగా వచ్చేవాణ్ణి. రోజూ ఏదో ఒక ఆకుకూర కొనేవాణ్ణి. ఇంట్లో తోటకూర, గోంగూర ఎక్కువైపోయి మా ఆవిడ పక్కింటివాళ్ళకి పంచేది. కొన్నాళ్ళకి మా అమ్మాయి కూడా సంచి పట్టుకుని నాతో రావడం మొదలుపెట్టింది.